ఇటు 70, అటు 68

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో కల్యాణం మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో అయిపోతుంది. తలంబ్రాలు దొరికినవాళ్లూ దొరకనివాళ్లూ సాయంత్రానికల్లా బస్టాండు దారి పడతారు. ఆ రాత్రి తిరుగు బస్సు ఎక్కకుండా పర్ణశాల దాకా వెళ్లి, గోదావరి ఇసుకలో వెల్లకిలా పడుకున్నవాడికి ఒక చిన్న లాభం ఉంది. ఆ ఏడు తిథి ముందొచ్చిందా వెనకొచ్చిందా అన్నదాన్ని బట్టి, రాత్రి 9కీ 11కీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు ఆకాశంలో ఒక బిందువు సరిగ్గా దక్షిణాన, నడినెత్తికి కాస్త దిగువన నిలుస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే ముందు పుబ్బ జంటను వెతుక్కోవాలి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో అది సుమారు 10 డిగ్రీలు. పుబ్బ జంటలో కింది చుక్క నుంచి సూటిగా దక్షిణానికి రెండు పిడికిళ్లు, ఆపైన మరికాస్త దిగాలి. హస్తకు పడమర. అక్కడ చుక్కేమీ ఉండదు. నవమి వెన్నెల అడ్డమని బాధపడక్కర్లేదన్నమాట.

సూర్యుడు, భూమి, గోదావరి, ఇసుకలో పడుకున్నవాడు అందరూ కలిసి సెకనుకు 370 కిలోమీటర్ల వేగంతో పోతున్నది ఆ ఖాళీ చోటు వైపే.

ఎవరితో పోలిస్తే పోతున్నట్టు? విశ్వం తొలినాళ్ల వేడి చల్లారి చల్లారి, పరమశూన్యానికి 2.7 డిగ్రీల పైన, అన్ని దిక్కుల నుంచీ మైక్రోవేవ్ తరంగాలుగా ఇప్పటికీ వస్తోంది. దానితో పోలిస్తే. పుబ్బ కింది బిందువు వైపు ఆ వెచ్చదనం డిగ్రీలో వెయ్యోవంతులు మూడు, కొంచెం పైన ఎక్కువ. సరిగ్గా వెనకవైపు అంతే తక్కువ. ఆ తేడాను మన ప్రయాణం ఖాతాలో రాసి తీసేస్తే, మిగిలిన విశ్వం ఎటు చూసినా ఒకేలా ఉంటుందని శాస్త్రజ్ఞుల నమ్మకం. 1917లో ఐన్‌స్టీన్ లెక్క సాధ్యం కావడానికి చేసుకున్న ఊహ అది. 1930లలో మిల్న్ దానికి సూత్రం హోదా కట్టబెట్టాడు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లన్న మాట కూడా ఆ ఊహ మీద కూర్చున్నదే. ఇంత బరువు మోస్తున్న ఊహను పరీక్షించడానికి ఎవరెవరు ఎలాంటి పనితనం చూపించారన్నదే నాకు ఆసక్తి. ఫలితం తర్వాత చూద్దాం.

పర్ణశాల ఇసుకలో పడుకున్నవాణ్నే ఆకాశం నాలుగు వైపులా ఒకేలా ఉందా అని అడిగితే లేదంటాడు. దక్షిణాన భద్రాచలం దీపాలు, దానికెదురుగా సారపాక కాగితం మిల్లు, ఇంకా దూరాన పాల్వంచ థర్మల్ కేంద్రం. నది అవతల అశ్వాపురం, మణుగూరు. ఆ వైపు ఆకాశం అంచు తెల్లబారి ఉంటుంది. ఉత్తరాన చర్ల, దాని వెనుక ఛత్తీస్‌గఢ్ అడవి. అటు చుక్కలు ఎక్కువ. అటు ఎక్కువ చుక్కలున్నాయని అతను రాసుకుంటే, ఆ రాత రాసింది పాల్వంచ దీపాలే. ఈ పరీక్ష చేయబూనిన ప్రతివాడికీ ఎదురయ్యే మొదటి చిక్కు ఇది. కనిపించిన తేడా ఆకాశానిదా, మధ్యలో ఉన్నదానిదా, చూసేవాడిదా?

ఈ మూడో ప్రశ్న దగ్గర హైదరాబాద్‌ను తలుచుకోవాలి. నవాబు జాఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి బేగంపేటలో స్థిరపడింది. ఆ కాలానికి ఈ అడవి కూడా రెండు రాజ్యాల పాలు. బూర్గంపహాడ్ ఒడ్డు నిజాంది, భద్రాచలం ఒడ్డు 1860 నుంచి ఇంగ్లిషువాళ్లది. ఆకాశాన్నీ అలాగే పంచుకున్నారు. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపటం పథకంలో వేధశాలలన్నీ తలా ఒక పట్టీ తీసుకున్నాయి. చిలీలోని శాంటియాగో చెయ్యలేక వదిలేసిన దక్షిణపు పట్టీ, 17 నుంచి 23 డిగ్రీల దాకా, హైదరాబాద్ వంతుకొచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 దాకా ఇంకో పట్టీ కూడా. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో పని సాగింది. ఏడున్నర లక్షలకు పైగా చుక్కల చోట్లు 12 సంపుటాల్లో అచ్చయ్యాయి.

వాళ్లు విశ్వం ఒకేలా ఉందా అని అడగలేదు. కానీ ఆ పథకంలో తమ చేతి తప్పు తామే పట్టుకునే ఏర్పాట్లు రెండున్నాయి. వాటిని చూస్తే ముచ్చటేస్తుంది. ఫొటో పలకను కడగకముందే దాని మీద 5 మిల్లీమీటర్లకొకటి చొప్పున గళ్లు ముద్రించేవారు. కడిగి ఆరబెట్టేటప్పుడు పలక మీది పూత ముడుచుకుంటే చుక్కలతో పాటు గళ్లూ ముడుచుకుంటాయి. గడిని బట్టి కొలిచినవాడికి ఆ ముడుత అంటదు. రెండోది ఇంకా తెలివైనది. ఒక పలక మూల పక్క పలక నడుమకు వచ్చేలా ఆకాశాన్ని రెండుసార్లు కప్పారు. కటకం నడుమ బొమ్మ తిన్నగా వస్తుంది, అంచున వంకరపోతుంది. ఒకే చుక్క ఒక పలకలో మూలనా ఇంకో పలకలో నడుమనా పడితే ఆ రెంటి మధ్య తేడా కటకం వంకరే. దానికి వేరే సాక్షి అక్కర్లేదు. ఆ పలకల మీంచి చేత్తో కొలిచి రాసిన అంకెలు వృథా పోలేదు. 2000లో వచ్చిన టైకో-2 జాబితాలో 25 లక్షల చుక్కల కదలికలు కట్టడానికి, అన్ని దేశాల పాత పలకలతో పాటు బేగంపేట పలకలూ పనికొచ్చాయి. పెద్దపెద్ద టెలిస్కోపుల గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ కొలతగాళ్లను మనం మరిచిపోతుంటాం.

ఎడమను కుడిగా, మూలను నడుమగా మార్చి చూసుకోవడమే ఈ విద్యలో అసలు కిటుకు. 1976, 77ల్లో అమెరికాలో స్మూట్, గోరెన్‌స్టీన్, ముల్లర్ దీన్నే గాల్లోకి తీసుకెళ్లారు. యూ-2 గూఢచారి విమానం వీపున, పైకి తెరుచుకునే గరాటు లాంటి యాంటెన్నాలు రెండు బిగించారు. ఒకటి ఇటు వాలి, ఇంకొకటి అటు వాలి. రెంటి మధ్య వెచ్చదనంలో తేడా చూడాలి. కొలవాల్సింది డిగ్రీలో వెయ్యోవంతులు. యాంటెన్నాల్లో ఒకటి కాస్త వేడెక్కినా కొలత అయిపోయినట్టే. అందుకని రిసీవరును సెకనుకు 100 సార్లు ఒక గరాటు నుంచి ఇంకో గరాటుకు మార్చారు. అదీ చాలదని మొత్తం పరికరాన్నే దాదాపుగా నిమిషానికొకసారి సగం చుట్టు తిప్పారు. అప్పుడు ఇటు చూసేది అటు చూస్తుంది. తేడా పరికరంతో పాటు తిరిగితే తప్పు పరికరానిది. తిరక్కుండా నిలబడితే ఆకాశానిది. విమానం ఒక పక్కకు ఒరిగితే ఆ వైపు గరాటుకు గాలి ఎక్కువ అడ్డొస్తుంది కదా, దానికీ విరుగుడు వేశారు. గాలిలోని ఆక్సిజన్ వెలువరించే తరంగాలను చూస్తూ ఒరుగుడు చెప్పే ఇంకో చిన్న రిసీవరు. 20 కిలోమీటర్ల ఎత్తున, సింహరాశి వైపు, సెకనుకు 390 కిలోమీటర్లని తేల్చారు. 60 అటూ ఇటూగా. ఇప్పుడు ఉపగ్రహాలు చెప్పే 370 ఆ హద్దులోనే ఉంది. ఉత్తరార్ధంలో ఎగిరితే సరిపోదని తర్వాత పెరూ వెళ్లి దక్షిణాకాశం కూడా చూసుకొచ్చారు. స్మూట్‌కు నోబెల్ వచ్చింది 2006లో, ఉపగ్రహంతో చేసిన వేరే పనికి. నన్నడిగితే విమానం పనే అందమైంది.

ఇంతకీ ఇది మన వేగమేనని గట్టిగా చెప్పేదెలా? పాల్వంచ నుంచి భద్రాచలం వచ్చే అడవి దారిలో సన్నటి తుప్పర పడుతుంటే, బండి మీద వచ్చినవాడి చొక్కా ముందు తడిసి, వీపు పొడిగా ఉంటుంది. వాన అన్ని వైపులా ఒకే తీరు పడుతోంది, బండే కదులుతోంది. బండి వేగం తెలుసుకోవడానికి అతనికి రెండు దారులున్నాయి. ముఖానికి కొట్టే గాలిని బట్టి ఒకటి, చొక్కా మీద పడ్డ చినుకుల లెక్కను బట్టి ఇంకొకటి. రెండూ ఒకే వేగం చెప్పాలి. చెప్పకపోతే ఆ గాలి బండి వల్ల వచ్చింది మాత్రమే కాదు, లేదా వానే ఒకవైపు ఎక్కువగా పడుతోంది.

మైక్రోవేవ్ వెచ్చదనం ముఖానికి తగిలే గాలి. మరి చినుకులు? 1984లో కేప్‌టౌన్ నుంచి జార్జ్ ఎల్లిస్, కేంబ్రిడ్జ్ నుంచి జాన్ బాల్డ్విన్ కలిసి 5 పేజీల వ్యాసంలో దారి చూపారు. బాగా దూరంగా ఉన్న రేడియో వనరుల్ని లెక్కపెట్టండన్నారు. కదులుతున్నవాడికి ముందువైపు వనరులు రెండు కారణాల వల్ల ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి, చినుకుల్లాగే వాటి వెలుగు దిక్కు ముందుకు వాలుతుంది, ఆ వైపు చిక్కబడతాయి. రెండు, ఎదురుగా వచ్చే వెలుగు కాస్త కాంతివంతమవుతుంది. దాంతో కొలత హద్దుకు కొంచెం కింద మిగిలిపోవాల్సినవి కొన్ని హద్దు దాటి లెక్కలోకి చేరిపోతాయి. హద్దు దగ్గర ఎన్ని వనరులు గుమిగూడి ఉన్నాయో, వాటి రంగు ఏమిటో తెలిస్తే ఎంత తేడా రావాలో చెప్పేయొచ్చు. ఆ రెండూ అదే జాబితా నుంచి తీసుకోవచ్చు. విశ్వం ఎలా పుట్టింది, ఎలా వ్యాకోచిస్తోంది అన్న సిద్ధాంతం ఒక్కటీ అరువు తెచ్చుకోనక్కర్లేదు. పేజీలు తక్కువైనా ఇంత పొదుపుగా కట్టిన పరీక్ష ఈ రంగంలో నాకు ఇంకొకటి కనబడలేదు.

అమలు చేయడానికి మాత్రం లెక్కపెట్టాల్సినవి లక్షల్లో కావాలి. యాదృచ్ఛికంగా పరుచుకున్నవాటిని లెక్కపెడితే ఆ అంకెకు వర్గమూలమంత ఊగిసలాట ఉంటుంది. పదివేలు లెక్కపెడితే వంద అటూ ఇటూ, అంటే నూటికొకటి. వెతుకుతున్న తేడాయే నూటికొకటి లోపల. పది లక్షలు లెక్కపెడితే ఊగిసలాట వెయ్యికి దిగుతుంది, అంటే వెయ్యికొకటి. అప్పుడే మాట్లాడగలం. 2002లో బ్లేక్, వాల్ అమెరికా రేడియో జాబితాతో మొదటిసారి ఈ తేడాను పట్టారు, ఊహించినంతే ఉందన్నారు. 2011లో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయంలో అశోక్ సింగల్ అదే జాబితాను మళ్లీ కొలిచి, వేగం నాలుగు రెట్లు వస్తోందన్నాడు. అప్పట్లో ఎక్కువమంది దాన్ని పక్కన పెట్టేశారు.

2021లో సీక్రెస్ట్, ఫాన్ హౌసెగ్గర్, రమీజ్, మొహయాయీ, సర్కార్, కొలిన్ బృందం చేసిన పని ఈ వ్యాసానికి అసలు సరుకు. రేడియోను వదిలి పరారుణం తీసుకున్నారు. 2009 డిసెంబరులో ఎగిరిన వైజ్ ఉపగ్రహానికి 40 సెంటీమీటర్ల అద్దం. అది పట్టిన బొమ్మల నుంచి తయారైన క్యాట్‌వైజ్ జాబితాలో 189 కోట్ల వనరులున్నాయి. అందులోంచి వీళ్లు ఉంచుకున్నది 13,55,352. వెయ్యింటిలో ఒకటి కూడా లేదు.

ఏది తీసి పారేశారో చూస్తేనే వాళ్ల చెయ్యి తెలుస్తుంది. ముందు పాలపుంత. దానికి అటూ ఇటూ 30 డిగ్రీల మేర కొట్టేశారు. సగం ఆకాశం పోయింది. ప్రకాశవంతమైన చుక్కల చుట్టూ, మేఘాల చుట్టూ, మనకు దగ్గరి గెలాక్సీల చుట్టూ కన్నాలు పెట్టారు. పాల్వంచ వైపు చూడకు అన్నట్టు. మిగిలినవాటిలో 3.4, 4.6 మైక్రాన్ల రంగుల మధ్య ఒక హద్దుకు మించి తేడా ఉన్నవే ఉంచారు. మామూలు చుక్కలకు ఆ తేడా ఉండదు. నడుమ నల్లబిలం మింగుతూ మండే క్వేసార్లకు ఉంటుంది. దగ్గరివి లెక్కలోకి రాకూడదు, ఎందుకంటే మన చుట్టుపక్కల గెలాక్సీలు గుంపులుగా ఉన్నాయి, ఆ గుంపే ఒక వైపు బరువు వేసినట్టు చూపిస్తుంది. వీళ్ల క్వేసార్లు సగటున ఎంత దూరమంటే వాటి వెలుగు బయల్దేరి 800 కోట్ల ఏళ్లు దాటింది.

అంతా అయ్యాక ఒక దోషం బయటపడింది. క్రాంతివృత్తం నుంచి దూరంగా పోయేకొద్దీ లెక్క క్రమంగా మారుతోంది. కారణం ఉపగ్రహం నడక. ప్రతి చుట్టూ క్రాంతివృత్త ధ్రువాల మీదుగానే పోతుంది కనుక, అక్కడ ఎక్కువసార్లు చూస్తుంది, నడుమ తక్కువసార్లు. ఉత్తరానా దక్షిణానా ఒకేలా వచ్చే ఈ మార్పు ఒకవైపు ఎక్కువ, ఎదురువైపు తక్కువ అనే తేడాను దానంతటది పుట్టించలేదు. అయినా సగం ఆకాశం కప్పేశాక అలాంటిది ఎక్కడ దూరుతుందో చెప్పలేం. దాన్ని కొలిచి, తగిన తూకం వేసి చదును చేశారు.

మే నెలలో ఈ అడవి అంచు ఊళ్లలో తునికాకు కల్లాలు చూసినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. 50 ఆకులకు ఒక కట్ట, 1000 కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు. చిరిగినవి, చిన్నవి, పురుగు పట్టినవి కట్టలోకి రావు. కల్లంలో కట్టలు వరసలుగా ఎండకు పరిస్తే, కల్లెదారుకు ఆకు కంటే వరస ముఖ్యం. ఇప్పుడు అనుకోండి, ఆకు సైజు కొలిచే పుల్ల ఒక వైపు కూర్చున్నవాళ్ల చేతిలో రవ్వంత పొట్టిది. అటు చిన్నాకులు కూడా పాసవుతాయి, కట్టలు పెరుగుతాయి. అడవి అటు చిక్కగా లేదు, పుల్ల పొట్టిది. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న మన సొంత జీఎంఆర్‌టీ జాబితాకు జరిగింది దాదాపుగా ఇదే. 2018లో దానితో లెక్కపెడితే తేడా ఎవరూ నమ్మనంత పెద్దగా వచ్చింది. ఆకాశంలో ఒక్కో ప్రాంతానికి ప్రకాశపు కొలత కాస్త అటూ ఇటూ అయిందనే ఎక్కువమంది భావిస్తున్నారు. ఒక్కోటీ 45 మీటర్ల వెడల్పుతో, తాళ్లకు కట్టిన వల లాంటి 30 డిష్షులు, ఇంజనీరింగులో అపురూపం. ఈ ఒక్క పరీక్షకు మాత్రం వాటి కొలపుల్ల సరిపోలేదు.

సీక్రెస్ట్ బృందం లెక్కకొద్దాం. చదరపు డిగ్రీకి సగటున 69 క్వేసార్లు. నవమి నాడు కాదు, పున్నమి చంద్రుడి బిళ్ల వెనుక 13 లేదా 14 దాగి ఉంటాయన్నమాట. మన వేగం 370 అయితే ముందువైపు 69.5, వెనకవైపు 68.5 రావాలి. వచ్చింది ఇటు 70, అటు 68.

అంతే తేడా. యాభై ఆకుల కట్టలో రెండు ఆకులు కూడా కాదు. కానీ ఊహించినదానికి అది రెట్టింపు పైన. విశ్వం నిజంగా ఎటు చూసినా ఒకటేనని అనుకుని, కంప్యూటర్‌లో ఆకాశాలు సృష్టించి చూస్తే, ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 20 లక్షలకు ఒకటి. దిక్కు కూడా పుబ్బ కింది బిందువుకు సరిగ్గా పడలేదు, 28 డిగ్రీలు పడమరకు జరిగింది. మఖకు నైరుతిగా, చుట్టూ పెద్ద చుక్కలేమీ లేకుండా ఒంటరిగా ఎర్రబారి మెరిసే ఆల్ఫార్డ్ పక్కన పడింది.

ముఖానికి కొట్టే గాలి ఒక వేగం చెబుతోంది, చినుకులు దానికి రెట్టింపు చెబుతున్నాయి. అందరూ ఒప్పుకున్నారా అంటే లేదు. 2022లో డార్లింగ్ రెండు కొత్త రేడియో జాబితాలు కలిపి చూసి, వెచ్చదనం చెప్పిన వేగమే వస్తోందన్నాడు. మరుసటి ఏడు వేరే బృందం రేడియో జాబితాలతోనే మళ్లీ ఎక్కువ తేడా తెచ్చింది. గయా ఉపగ్రహం క్వేసార్లతో 2024లో చేసిన లెక్క పాత నమ్మకానికే దగ్గరగా ఉంది. ఈ వాదాలన్నీ ఒకచోట చూడాలనుకునేవారికి 2023లో క్లాసికల్ అండ్ క్వాంటమ్ గ్రావిటీ పత్రికలో వచ్చిన సుదీర్ఘ సమీక్ష ఉంది. ఇరవైమందికి పైగా రాసిన ఆ సమీక్షకు మొదటి పేరు వారణాసి ఐఐటీ బీహెచ్‌యూలోని పవన్ కుమార్ ఆలూరి. తెలుగు చెవికి చుట్టరికం తగిలే పేరు. మైక్రోవేవ్ ఆకాశం రెండు సగాలూ ఒకేలా లేవన్న చిక్కు మీద ఆయన ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆ సమీక్షలో నాకొక అసంతృప్తి ఉంది. గెలాక్సీలు ఎటు తిరుగుతున్నాయన్న లెక్కల్లాంటి, చాలామంది ఒప్పుకోని వాదాలనూ 13 లక్షల క్వేసార్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. వడ్డన అందరికీ ఒకటే అయినా ఆకలి ఒకటి కాదు. అయినా ఎవరి తప్పు ఎక్కడ ఉండవచ్చో పేర్లతో సహా రాసుకున్న పుస్తకం లాంటిది, పక్కన పెట్టుకోదగ్గది.

2025 మార్చిలో ఎగిరిన స్ఫియరెక్స్ ఉపగ్రహం ఆరు నెలలకొకసారి మొత్తం ఆకాశాన్ని కప్పుతూ, క్యాట్‌వైజ్ రెండు రంగులు వాడినచోట 102 రంగుల్లో చూస్తోంది. క్వేసార్ ఏదో, క్వేసార్‌లా నటించే చుక్క ఏదో అది మెరుగ్గా విడదీస్తుంది. ఆ లెక్క వచ్చేదాకా ఆకాశంలో రెండు చోట్లు గుర్తుంచుకోవాలి, ఒకటి వెచ్చదనం చూపినది, ఒకటి క్వేసార్లు చూపినది.

పర్ణశాల ఇసుకలో ఉన్నవాడు నిద్రపోకుండా ఉంటే రెండూ అస్తమించడం చూడొచ్చు. అర్ధరాత్రి దాటి చాలాసేపటికి ముందు ఆల్ఫార్డ్ గోదావరి అవతల మణుగూరుకీ అశ్వాపురానికీ మధ్య దిగిపోతుంది. ఆ వెలుతురులో కనిపిస్తే. చుక్కలేని రెండో చోటు అక్కడే దిగడానికి ఇంకో గంటా ముప్పావు పడుతుంది.